ప్రదక్షిణానికి లొంగని పెడల్

ఈ కథలో ఒక సైకిల్ మీద ఘోరం జరుగుతుంది. చేసింది నేనే. సాక్షులు మా వీధి వాళ్లంతా, తోడుదొంగలు అందులో సగం మంది. మనసు సున్నితమైనవాళ్లు, ముఖ్యంగా ఎడమ కాలు పెడల్ మీద పెట్టి సైకిల్ ఎక్కే అలవాటున్నవాళ్లు, ఇక్కడే ఆగిపోవచ్చు. తర్వాత నన్ను అనొద్దు.

మా సైకిల్ దుకాణం లాల్‌దర్వాజాలో, అమ్మవారి గుడికి పోయే సందు మలుపులో ఉండేది. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు సైకిళ్లు లోపల పెడితే మూడో సైకిల్‌తో పాటు మా ఆయన నర్సింగ్ కూడా బయటే నిలబడాలి. అయినా ఆ కాలంలో పాతబస్తీలో సైకిల్ కదలకపోతే ఇల్లు కదిలేది కాదు. పాలు, కూరలు, ఆఫీసు, పెళ్లిచూపులు అన్నీ సైకిల్ మీదే. కాబట్టి మా ఆయనకు చేతి నిండా పని ఉండేది.

చెయ్యి ఉన్నంతకాలం ఉండేది. ఒక రోజు ఎవరి సైకిల్‌కో బ్రేకులు బాగు చేసి, "ఇగ జూడు, ఎట్ల ఆగుతదో" అని వాలు మీద నడిపి చూపించాడు. సైకిల్ ఆగింది. ఆయన ఆగలేదు. కుడి మణికట్టు విరిగింది. దవాఖానాలో పిండికట్టు కట్టి, చేతిని మెడకు వేలాడదీసి ఇంటికి పంపారు.

ఆయన ఇంటికి వచ్చేలోపే మా బావ వచ్చి కూర్చున్నాడు. కిష్టయ్య బావ మా ఆయనకు అన్న. ఇంటి వెనక బర్రెలు పెట్టుకుని పాలు అమ్మేవాడు. మనుషుల మీద ఆయనకు కోపమేమీ లేదు, కానీ ప్రేమంతా బర్రెల మీదే. దుకాణం మా మామ కట్టించింది, అన్నదమ్ములిద్దరికీ హక్కుంది. వానాకాలంలో బావ గడ్డి తడిసిపోయేది. పొడిగా ఉన్న మా దుకాణం వైపు ఆయన ఎన్నాళ్ల నుంచో, ఆకలేసినవాడు హల్వా దుకాణం వైపు చూసినట్టు చూసేవాడు.

"నర్సింగూ, చెయ్యి ఇరిగె. ఇగ దుకాణం మూస్తవు. మూసిన దుకాణంల ఎలుకలు చేరుతయి. ఎలుకలు చేరేకన్న నా గడ్డి చేరుడు మంచిది గద."

మా ఆయన కట్టు వైపు చూసుకుని ఊరుకున్నాడు. నేను తలుపు చాటు నుంచి ఊరుకోలేకపోయాను.

"దుకాణం ఎవరు మూస్తున్నరు బావా? నేను కూసుంట."

బావ నవ్విన నవ్వుకు వెనక కట్టేసిన బర్రెలు మెడలు తిప్పి చూశాయి.

"నువ్వా? నీ చేతులు సూసుకున్నవా? చంటిపిల్ల గాజులు నీకు సరిపోతయి. పానా పట్టుకుంటవా నువ్వు?"

"పట్టుకుంట."

"మంచిది. పట్టుకో. గని ఒక్క మాట. గిరాకీ వచ్చి, పని కాక, తెచ్చిన సైకిల్ తెచ్చినట్టే వాపస్ తీస్కపోయిండనుకో, గా దినం నా గడ్డి లోపలికొస్తది. ఒక్కసారి లోపలికొచ్చిందంటే నా గడ్డి మళ్ల బయటికి పోదు."

"రానియ్యను బావా."

అలా నేను దుకాణంలో కూర్చున్నాను. మా సందులో ఆడవాళ్లు పనిచేయడం కొత్తేమీ కాదు. పాలు పోసేవాళ్లు, మాదన్నపేట మార్కెట్లో కూరలు అమ్మేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ పానా పట్టినది లేదు. పైగా నాకు ఆ పని నచ్చింది. పొయ్యి ముందు ఎంత చేసినా తిన్నాక మాయమవుతుంది. బాగు చేసిన సైకిల్ మాత్రం మన కళ్ల ముందే గంట కొట్టుకుంటూ పోతుంది. ఈ రుచి మరిగాక దుకాణాన్ని గడ్డికి అప్పగించడమా?

మా ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. ఆయన చెప్పిన మొదటి పాఠం నాకు గుండెకు హత్తుకుంది.

"ఇను అండాలూ. నట్టుకు ఒక్కటే ధర్మం. గుడి చుట్టు ప్రదక్షిణం ఏ దిక్కు చేస్తవు? గా దిక్కు తిప్పితే బిగుస్తది. ఉల్టా తిప్పితే ఊడతది."

"గంతేనా!"

"గంతే. ఇంకొకటుంది, గీ ఎడమ..."

"చాలు చాలు, అర్థమైంది. గుడి చుట్టు తిరుగుడు నాకు నువ్వు నేర్పుతవా?"

ఆయన నోరు మూసుకున్నాడు. పాఠకులారా, ఆ "ఇంకొకటుంది" అన్న మాటను కొంగున ముడి వేసి పెట్టుకోండి. నేను వేసుకోలేదు.

ధర్మం తెలిసింది కానీ నా భక్తి గురించి నట్లకు తెలియదు. వానకు తడిసి, ఎండకు ఎండి, తుప్పుతో కాపురం చేస్తున్న నట్లవి. సన్నటి పానా నా అరచేతిని కోసేది తప్ప నట్టు జరిగేది కాదు. మొదటి వారం నా చేతుల్లో ఊడినవి నా గాజులే. రిక్షా తోలేవాళ్లు పళ్లు కనబడకుండా నవ్వేవాళ్లు. బావ మాత్రం పళ్లు కనబడేలా నవ్వేవాడు. దుకాణానికి ఎదురుగా మంచం వేసుకుని, పాలు పోసిన తర్వాత మిగిలిన పొద్దంతా అక్కడే గడిపేవాడు.

చెయ్యి పొట్టిది. పొడుగు చేయాలి. ఎలా? ముందు పసుపు దంచే రోకలిని పాత చీర పేలికతో పానాకు కట్టాను. గట్టిగా ఊపిరి బిగబట్టి లాగాను. పేలిక తెగింది, రోకలి ఎగిరింది. పక్కింటి సత్తెమ్మ అప్పుడే నీళ్ల కుండ ఎత్తుకుని వస్తోంది. పగిలింది కుండే, తల కాదు. కానీ సత్తెమ్మ తల పగిలినట్టే అరిచింది.

"ఓయమ్మో! ఏందే అండాలూ, సైకిల్ బాగుజేస్తున్నవా, యుద్ధం జేస్తున్నవా?"

"నట్టు ఇప్పుతున్న సత్తెమ్మక్కా."

"నట్టు ఇప్పబోయి నా నెత్తి ఇప్పుతవేమో!"

మా ఇంటి కుండ ఆమెకు ఇచ్చి, ఇంట్లో బిందెతో సర్దుకున్నాం. ఆ మధ్యాహ్నం జొన్నలు విసురుతుంటే బుద్ధి వెలిగింది. ఇసుర్రాయికి కొయ్యపిడి ఎక్కడ పెడతారు? అంచున. నడుమ పెడితే భీముడు వచ్చినా ఆ రాయి తిరగదు. అంచుకు పోయినకొద్దీ బరువు తేలికవుతుంది. తరతరాలుగా మా ఆడవాళ్ల చేతుల్లో ఉన్న విద్యే ఇది, నేను పానా దగ్గర మర్చిపోయానంతే. కావాల్సింది బలం కాదు, దూరం. పట్టు జారకపోతే చాలు.

దుకాణం మూల పాత సామానులో ఒక విరిగిన సైకిల్ హ్యాండిల్ ఉంది. దాని సగం ముక్క, కొసకు రబ్బరు పిడి కూడా ఉంది, తీసుకుని పక్క సందులో కమ్మరం చేసే మొయిన్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన ఒక కన్ను మూసి ఆ గొట్టం లోపలికి చూశాడు.

"క్యా భాభీ, తోప్ బనారే క్యా?" ఫిరంగి చేయిస్తున్నానా అని.

"తోప్ కాదు మొయిన్ భాయ్, చెయ్యి. నాది పొట్టిగుంది, పొడుగు చేయించుకుంటున్న."

"అల్లా దియేసో హాథ్ కమ్ పడ్‌గయే?" దేవుడిచ్చిన చేతులు చాలలేదా?

"దేవుడు చేతులిచ్చినప్పుడు మా బావ నోరు ఆయనకు యాదికి లేకుండె భాయ్."

మొయిన్ భాయ్ నవ్వుతూనే పని మొదలుపెట్టాడు. ఆయన శికంజాలో, అంటే ఇనుప ముక్కను కదలకుండా కరిచి పట్టుకునే సాధనంలో, ఎవరిదో వంకర పోయిన కిటికీ చువ్వ బిగించి ఉంది. దానికి ఒక గొట్టం తొడిగి, ఆ గొట్టాన్ని పైకెత్తి చువ్వను చక్కగా చేశాడు. పాము పడుకున్నట్టున్న చువ్వ క్షణంలో కర్ర అయింది. నేను అది చూశాను, మరిచిపోయాను. తర్వాత నా గొట్టం ఒక కొసను ఎర్రగా కాల్చి, పానా తోక సరిగ్గా పట్టేలా నొక్కాడు. జారకుండా అడ్డంగా ఒక మేకు వేశాడు. ఇంటికి తెచ్చి, పిడి దగ్గర పాత ట్యూబు పట్టీ చుట్టూ చుట్టాను. చేతిలో పట్టుకుంటే బర్రె కొమ్ము పట్టుకున్నట్టు నిండుగా ఉంది.

మొదటి పరీక్ష ఒక రిక్షా చక్రం నట్టు. మా ఆయన రెండు చేతులూ బాగున్న రోజుల్లోనే "రేపు రా" అని వాయిదా వేసిన నట్టది. గొట్టం తొడిగిన పానా పెట్టి, ప్రదక్షిణానికి ఉల్టాగా ఒక్క లాగు లాగాను. నట్టు "కీచ్" అంది. ఆహా! అమ్మవారి గుడి ముందు డప్పులు మోగినా నాకు అంత ఒళ్లు పులకరించలేదు.

అప్పటి నుంచి నా దశ తిరిగింది. నా గొట్టానికి వీధి వాళ్లు "అండాలు చెయ్యి" అని పేరు పెట్టారు. సైకిళ్లే కాదు, ఇనుప మంచాల బోల్టులు, కుట్టుమిషను కాళ్లు, ఎవరి ఇంటి గేటుదో తుప్పు కీలు, అన్నీ నా దగ్గరికి వచ్చేవి. ఒక ముసలాయన పన్ను నొప్పి అని కూడా వచ్చాడు. పంపించేశాను. ఒక పొద్దున మా బావ కూడా పాల క్యాన్ పట్టుకుని వచ్చాడు. మూత కరిచిపోయి రావడం లేదు. గొట్టం కొసను మూత చెవి కింద పెట్టి ఒక్క ఎత్తు ఎత్తాను. బావ పాల వైపు చూశాడు కానీ నా వైపు చూడలేదు.

పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు. మా సందులో సామెత మారింది: చెయ్యి కొంచెం, పిడి ఘనం. నేను ఊరుకున్నానా? ఊరుకునే మనిషినైతే ఈ కథే లేదు. "లాల్‌దర్వాజా నుంచి పత్తర్‌గట్టి దాకా నా పిడికి లొంగని నట్టు ఉంటే తీస్కరాండ్రి" అని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేదాన్ని. గుడి మైకు దొరికితే అందులో కూడా చెప్పేదాన్నేమో.

తీసుకొచ్చారు.

ఆ రోజు మా ఆయన కట్టు కోయించుకోవడానికి దవాఖానాకు పోయాడు. రేపటి నుంచి ఆయనే దుకాణంలో కూర్చుంటాడు, కాబట్టి బావకు అదే ఆఖరి అవకాశం. బావ ఆశావాది. పొద్దున్నే ఒక ఎద్దుబండి నిండా గడ్డి తెప్పించి మా దుకాణం పక్కన నిలబెట్టి, తను మంచం మీద కూర్చున్నాడు.

అప్పుడే రామ్మూర్తి గారు సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు. కోస్తా వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి, సందు చివర మేడ మీద అద్దెకు ఉండే గుమాస్తా. ఎంత మర్యాదస్తుడంటే బావ బర్రె దారికి అడ్డం నిలబడితే "కాస్త జరుగుతారాండీ" అనేవారు. నన్ను మాత్రం "ఏమ్మా" అనేవారు.

"ఏమ్మా అండాలూ, నర్సింగ్ లేడా? జట్కా బండికి తగిలి నా ఎడమ పెడల్ వంగిపోయిందమ్మా. తొక్కుతుంటే కాలు ఉయ్యాల ఊగుతోంది. పోనీలే, అతను వచ్చాకే తెస్తాను."

"వచ్చాకే తెస్తాను" అనగానే బావ మంచం మీద నుంచి లేచాడు. బండివాడికి సైగ చేశాడు. బండివాడు అప్పుడే ఒక గడ్డిమోపు దించాడు.

"ఎందుకు సార్? చిటికెల పని. కొత్త పెడల్ ఉంది, పాతది ఊడదీసి ఎక్కిస్త. సైకిల్ పట్టుకోండ్రి."

పెడల్ ఇరుసు కొస మీద ఒక చిన్న మూలగీత చెక్కి ఉంది. మురికేమో అని కొంగుతో తుడిచాను, పోలేదు. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. గీత గీతే అనుకుని పానా పెట్టాను, గొట్టం తొడిగాను, ప్రదక్షిణానికి ఉల్టాగా లాగాను. వెంట్రుకవాసి కదిలింది.

"చూసిండ్రా సార్? వస్తున్నది."

మళ్లీ లాగాను. రాలేదు. ట్యూబు పట్టీ మీద రెండు చేతులూ వేసి వేలాడాను. రాలేదు. అలికిడికి సత్తెమ్మ వచ్చింది.

"ఏందే, నీ చెయ్యి పని చేస్తలేదా?"

"చేస్తున్నది. జర పట్టు అక్కా."

ఇద్దరం వేలాడాం. ఇంకో వెంట్రుకవాసి కదిలింది. మొయిన్ భాయ్ అటే పోతూ ఆగి, "హటో హటో" అంటూ తనూ చెయ్యి వేశాడు. ముగ్గురం లాగేసరికి సైకిల్ వెనక చక్రం లేచింది. దాన్ని పట్టుకున్న రామ్మూర్తి గారు కూడా కొంచెం లేచారు.

"నేను కూడా ఒక చెయ్యి వెయ్యనాండీ?" అన్నారు గాలిలో నుంచే.

"వద్దు సార్, మీరు గిరాకీ. గిరాకీతోని పని చేయించుకుంటె ఇజ్జత్ పోతది. గట్టిగ పట్టుకోండ్రి, చాలు."

బావ ఇదంతా చూస్తూ రెండో గడ్డిమోపు కూడా దింపించాడు. నాకు ఒళ్లు మండింది.

"బావా, గట్ల చూస్తరేంది? పాలు పిండుడు తప్ప గా చేతులకు ఇంకో పని రాదా?"

అంతే. బావ మీసం మీద చెయ్యి పోయింది. "ఆడోళ్లు లాగితే గిట్లనే ఉంటది. జరుగుండ్రి!" అని ధోతి గోచీ పెట్టి వచ్చాడు. పారిపోయే దున్నపోతును తోక పట్టి ఆపే మనిషి ఆయన. ఒక రంకె వేసి లాగాడు. పెడల్ ఈసారి బియ్యపు గింజంత కదిలింది.

"సూసిండ్రా? గదీ మగోని చెయ్యి! ఇంకొక్క పట్టు పడితే ఊడి చేతులకొస్తది!"

ఇంకొక్క పట్టు పట్టాడు. తర్వాత ఇంకొకటి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు "గీ సైకిలే ఓటిది" అన్నాడు. తను నా పని చెడగొట్టడానికి వచ్చాడన్న సంగతే మర్చిపోయాడు పాపం. మేమంతా వరుసగా గొట్టం పట్టుకుని లాగుతుంటే, దారిన పోయేవాళ్లు బోనాల పండగకు ఏదో కొత్త మొక్కు అనుకుని ఉంటారు.

సరిగ్గా అప్పుడు మా ఆయన వచ్చాడు. కట్టు తీసిన మణికట్టు చెక్కిన ముల్లంగిలా తెల్లగా ఉంది.

"ఏం జేస్తున్నరు అందరు?"

"పెడల్ ఇప్పుతున్నం."

"ఏ దిక్కుది?"

"ఎడమ దిక్కుది."

మా ఆయన ముఖం మారింది. "ఎటు లాగుతున్నరు?"

"ఎటేంది? నువ్వు చెప్పిన దిక్కే. ప్రదక్షిణానికి ఉల్టా."

ఆయన వెళ్లి బావ దింపించిన గడ్డిమోపు మీద కూర్చున్నాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత నవ్వు బయటికి వచ్చి, ఆగక, కళ్ల నీళ్లు కారాయి.

"అండాలూ... ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటది. కాలు తొక్కంగ తొక్కంగ ఊడిపోవద్దని కంపెనీవాడే గట్ల చేస్తడు. గిదొక్కటి ప్రదక్షిణం చేస్తె ఊడతది. మీరందరు గలిసి దీన్ని ఇప్పుతలేరు. బిగిస్తున్నరు."

బావ గొట్టం మీద నుంచి ఒక్కొక్క వేలే తీశాడు, కాలుతున్నట్టు.

"ఎంత బిగిసింది?" అన్నాను.

మా ఆయన పానాను సరైన దిక్కుకు పెట్టాడు. నేను లాగాను, సత్తెమ్మ లాగింది, మొయిన్ భాయ్ లాగాడు. ఆ పెడల్ ఇక పెడల్ కాదు, సైకిల్‌తో పుట్టిన అవయవం. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేము కొండంత బలం పెట్టి ఎలుకను కలుగులోకి తోసి, పైన రాయి పెట్టి వచ్చాం.

బావకు తన పంతం గుర్తొచ్చింది. "అయితే పని కాలె! గిరాకీ వాపస్! గడ్డి లోపలికి!"

రామ్మూర్తి గారు పెద్దమనిషి. "పర్వాలేదండీ, ఇలాగే నడిపించుకుని వెళ్లిపోతాను" అని హ్యాండిల్ మీద చెయ్యి వేశారు. ఆ సైకిల్ గడప దాటితే నా దుకాణం గడ్డివాము. నేను వెనక క్యారియర్ పట్టుకున్నాను.

"సార్, జర ఆగుండ్రి."

ఆగమన్నాను కానీ ఏం చేయాలో నాకే తెలియదు. గొట్టం చేతిలో పట్టుకుని వంగిన పెడల్ వైపు చూశాను. పెడల్ నా వైపు చూసింది. పాము పడుకున్నట్టు వంకర... ఎక్కడ చూశాను ఈ వంకర? మొయిన్ భాయ్ శికంజాలో. ఆ కిటికీ చువ్వ! చువ్వ చక్కగా కావాలంటే దాని మొదలును ఎవరో కదలకుండా కరిచి పట్టుకోవాలి. మేము బిగించిన దానికంటే గట్టిగా కరిచి పట్టుకున్న ఇనుము ఆ రోజు పాతబస్తీ మొత్తంలో ఉందా?

"ఏమయ్యా, పెడల్ ఊడదు సరే. కాలు పెట్టే తొక్కుడు భాగం ఊడతదా?"

"ఊడతది. బయటి కొసకు చిన్న నట్టుంది. తీస్తె ఇరుసు ఒక్కటే మిగులుతది. గని ఇరుసు వంగింది గద..."

ఈసారి ఆయన మాట మధ్యలో నేను ఆపలేదు. ఆయనే ఆగిపోయాడు. నేను గొట్టం కొస నుంచి రబ్బరు పిడి పీకేస్తున్నాను. ఆయనకు అర్థమైంది. మొయిన్ భాయ్‌కి అంతకుముందే అర్థమైంది. "వాహ్ భాభీ!" అన్నాడు.

మా ఆయన చిన్న నట్టు విప్పి, లోపలి ఇనుప గోళీలు అరచేతిలోకి తీసుకుని, తొక్కుడు భాగాన్ని లాగేశాడు. వంగిన ఇరుసు ఒక్కటే సైకిల్ లోంచి వేలు చూపిస్తున్నట్టు నిలబడింది. గొట్టం గుండ్రటి కొసను ఆ ఇరుసుకు తొడిగాను. మా ఆయన నేల మీద పడుకుని ఒక కన్ను మూశాడు.

"ఎత్తు. మెల్లగ. ఇంకొంచెం. ఇంకొంచెం... ఆగు! జర కిందికి. బస్!"

గొట్టం తీసి చూస్తే ఇరుసు పంతులుగారి బెత్తంలా చక్కగా ఉంది. బిగించిన మొదలు మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కదిలి ఉంటే అది చక్కగా అయ్యేదే కాదు. కొత్త పెడల్ తొక్కుడు భాగాన్ని దానికి ఎక్కించి, గోళీలు పోసి, నట్టు బిగించాం. ఈసారి ఏ దిక్కు అని ఒకటికి రెండుసార్లు అడిగాను.

రామ్మూర్తి గారు ఎడమ కాలు పెడల్ మీద పెట్టారు. ఎక్కారు. గుడి దాకా పోయి, గంట కొట్టుకుంటూ తిరిగి వచ్చారు.

"కొత్తదానికంటే తేలిగ్గా తిరుగుతోంది. చాలా థాంక్సండీ అండాలు గారూ" అన్నారు.

విన్నారా? అండీ! గారూ! ఆ ఒక్క మాటతో నేను బావ బర్రెల అంతస్తుకు ఎదిగాను.

ఇక బావ సంగతి. ఆయన మీసం సవరించుకున్నాడు. "అస్సలు బిగించింది నేను గద. నేను గంత బిగియ్యకుంటె అది సక్కగయ్యేదా?"

"అయ్యేది కాదు బావా. మీ దయ. ఇగ గడ్డి ఎత్తుకోండ్రి."

ఎత్తుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మేమంతా పెడల్‌కు వేలాడుతున్నంతసేపూ బండి ఎద్దు దింపిన మోపుల్లో ఒకదాన్ని తృప్తిగా మేసింది. రెండో దాని మీద మా ఆయన కూర్చుని నవ్వాడు కదా, అది చాపలా అణిగిపోయింది.

ఆ తర్వాత నేను దుకాణంలోంచి లేవలేదు. మా ఆయన మణికట్టుకు పాత బలం రాలేదు, నా గొట్టానికి ఉన్న బలం పోలేదు. విప్పేది, బిగించేది నేను. వాలు మీద నడిపి చూసేది ఆయన, అదీ నేను బ్రేకులు చూశాకే.

రామ్మూర్తి గారికి బదిలీ అయినప్పుడు సైకిల్ మాకే ఇచ్చి వెళ్లారు. అద్దెకు తిరిగి తిరిగి అది ముసలిదైంది. చక్రాలు మారాయి, సీటు మారింది, హ్యాండిల్ మారింది. చివరికి ముక్కలుగా విప్పిన రోజు అన్నీ ఊడి వచ్చాయి, ఎడమ పెడల్ తప్ప. దాన్ని పట్టుకున్న కడ్డీతో సహా దుకాణం గోడకు మేకు కొట్టి వేలాడదీశాం. ఎవరైనా "గిదేంది అక్కా?" అంటే, "మా పనితనం" అని చెప్పేదాన్ని. ఇప్పుడు అది మా ఇంటి గోడ మీద ఉంది.

జుట్టు నెరిశాక మా మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అయ్యాక ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా పట్టాను. కొత్తగా చదువు వచ్చినవాళ్ల సంగతి మీకు తెలుసుగా, కనబడిన ప్రతిదీ చదువుతాం. ఒక రోజు గోడ మీద పెడల్‌ను తుడుస్తుంటే ఇరుసు కొస మీద ఆ మూలగీత కనబడింది. అది గీత కాదు. ఎల్.

"ఏమయ్యా, ఎల్ అంటే ఎడమ దిక్కు అనే గద?"

"ఔ."

"గా దినం గూడ గిది గిట్లనే ఉండె గద?"

"కంపెనీల పుట్టినప్పటిసంది ఉంది."

"నాకైతే చదువు రాకుండె. నీకొచ్చు గద, చెప్పొద్దా మరి?"

"చెప్పవోతి గద! ఇంకొకటుంది అంటిని. చాలు చాలు, గుడి చుట్టు తిరుగుడు నాకు నేర్పుతవా అంటివి."

కాబట్టి, గోడకు వేలాడే పెడల్ సాక్షిగా, దాన్ని బిగించిన నా పొడుగు చెయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకో ఎడమ పెడల్‌ను ప్రదక్షిణానికి ఉల్టాగా తిప్పను. పిడి పొడుగైందని నోరు పొడుగు చేయను. మా ఆయన "ఇంకొకటుంది" అన్నప్పుడు ఆ ఒక్కటీ పూర్తిగా విననిదే చెయ్యి కదపను.

ఈ మాట రాసి పైకి చదివి వినిపించాను. మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అండాలూ, ఇంకొకటుంది."

ప్రమాణం ఇంకా తడి ఆరలేదు. నాలుక చివర దాకా వచ్చిన "చాలు చాలు"ను మింగి, కలం కింద పెట్టి, చేతులు కట్టుకుని విన్నాను.

"ఉల్టా దిక్కుకైతే ఏంది గని," అన్నాడాయన గోడ వైపు చూస్తూ, "గంత గట్టిగ బిగించుడు నా రెండు చేతులు సక్కగున్నప్పుడు గూడ నాతోని కాకుండె."

చూశారా? ఇన్నేళ్లూ ఆ మనిషి మాటకు అడ్డం పడి నేను ఎంత నష్టపోయానో!